కంజు పిట్టతోని దండం పెట్టిచ్చిన సారు

గిదేం పుస్తకం సారూ? దీన్ని పట్టుకొని నా బిడ్డ నా మీద అలిగి కూసున్నది. పిలిస్తే పలుకది, పెడితే తినది. మీరేమో కిటికీ పక్క సీట్ల కూసోని సల్లగ పేపర్ సదువుకుంటున్నరు.

దిగుండ్రి, దిగుండ్రి. బండి యాడికి పోదు. డోర్నకల్ జంక్షన్ల పట్టాల మీద మా తండా మొత్తం కూసున్నది, కనబడ్తలేదా? పట్టాల పక్కనే పొయ్యిలు పెట్టినం. తెలంగాణ ఇచ్చేదాంక లేస్తరో లేదో నాకు తెల్వది గని, అన్నం ఉడికేదాంకనైతే ఎవ్వరూ లేవరు.

నన్ను మర్చిపోయిండ్రా? రాజీని. అంగన్‌వాడీల ఆయమ్మను. పోయినేడు నేను పిల్లలకు కంజు పిట్ట కథ చెప్తుంటే ఫోన్ల రికార్డు చేసుకొని పోయింది మీరే గద. బొమ్మలు ఏయిచ్చి అచ్చేస్త అంటిరి. వేసిండ్రు. ఏం వేసిండ్రు?

నా కంజు పిట్ట ఎట్లుండె? పటేలు పల్లి గింజలు ఇత్తుతుంటే నాగలి ఎనుకనే ఉరికి ఏరుక తినేది. ఆయన కట్టె పట్టుకొని ఎంటవడితే కాళ్ల సందులకెళ్లి దూరి, ఆయనను పెంటకుప్పల పడగొట్టేది. మా అవ్వ పైట మీది అద్దం పీక్కపోయి, అండ్ల కనబడ్డ పిట్టతోని నా చేన్ల నీకేం పనే అని పొద్దుమూకేదాంక లొల్లి పెట్టుకునేది. పిల్లలు కిందపడి దొర్లిండ్రు. మీరు గూడ నవ్విండ్రు సారూ, నేను చూసిన.

పుస్తకంల ఆ పిట్టకు మా అవ్వ అద్దాల లంగ తొడిగిండ్రు. దొంగ పిట్టకు. దాని నోట్లె మా మాటలు పెట్టిండ్రు. మీరు కొత్తగ పెట్టిన పావురం పంతులమ్మ మాత్రం 'అలా చేయకూడదు కదమ్మా' అని సుద్దులు చెప్తది. పెంటకుప్పల పడ్డ పటేలు పెద్దమనిషైండు. ఆఖరికి పిట్ట లంగ ఇడిచి గౌను తొడుక్కొని, ఆయన ముంగట రెక్కలు జోడిస్తది. 'నన్ను క్షమించండి' అంటది.

కంజు పిట్ట? పటేలును? వల పట్టుకొని తిరిగేటోనికి గూడ దొరకని పిట్టతోని మీరు కుర్చీల కూసోని దండం పెట్టిచ్చిండ్రు. మస్తు మొనగాడు సారూ మీరు.

ఏందీ? పిల్లల కథకు నీతి ఉండాల్నా? ఆ నీతి లేకనే గద పిల్లలు నవ్వింది.

అన్ని జిల్లాలోళ్లకు అర్థం గావాలనా? మంచిది. మరి దొంగ పిట్ట నోట్లె పెట్టిన మా మాటలు వాళ్లకు ఎట్ల అర్థమైతయి? సినిమాలల్ల రౌడీల మాటలు ఇని అలవాటైందా?

ఇంకా అయిపోలే, ఇనుండ్రి. నా బిడ్డ పూజ రెండో తరగతి. సమ్మెల బడి బందైంది. ఇంట్ల ఇంకో బొమ్మల పుస్తకం లేదు, మీదే మళ్ల మళ్ల సదివింది. ఇంట్ల మేం లంబాడి మాట్లాడుతం, బయట గీ తెలుగు. రెండూ వద్దంట దానికిప్పుడు. మొన్న మా అవ్వ దాన్ని బజారుకు తీస్కపోతానంటే, 'నువ్వు నా పక్కన రాకు, దొంగ పిట్ట లెక్కున్నవు' అన్నది.

ముసల్ది ఇంట్లకు పోయి, లంగ ఇప్పి, నా పాత చీర సుట్టుకొచ్చింది. ఆమెకు చీర కట్టుడు రాదు సారూ.

గా కథ నాదే బిడ్డా, సారుకు నేనే చెప్పిన అన్న. నమ్మలే. గంత మంచి మాటలు నీకు యాడొస్తయని ఎదురడిగింది. అప్పటి సంది అలుగుడే.

అగో, మావోళ్లు లేస్తున్నరు. బండి కూత గూడ పెట్టింది. పోయి ఎక్కుండ్రి. మళ్ల మా తండా దిక్కు రాకుండ్రి, వస్తే కథలు లేవు ఈడ.

ఆగుండ్రి, ఒక్క మాట. పొద్దుగాల పూజ రొట్టె వద్దని గోడ దిక్కు తిరిగి కూసున్నది. ఎంత బతిమాలినా ఇనలే. అటీటు చూసిన, అవ్వ లేదు, ఎవ్వరూ లేరు. 'తినమ్మా, ఆకలేస్తోంది కదా' అన్న. మీ పావురం లెక్క.

నోరు తిరగలే గని, అన్న. అది నా దిక్కు తిరిగి నవ్వింది. రొట్టె మొత్తం తిన్నది.

మళ్ల పొద్దుమూకితే ఆకలైతది దానికి. నేను గట్లనే అంట. ఏంజేస్త మరి.