ప్రెసిడెంటుగారి మెడ, చెల్లాయమ్మ నాలుగు ప్రశ్నలు

చెల్లాయమ్మనుందండీ, అవతల రేవు తాటిపర్తిలంకలో, పసిపిల్లలకి నీళ్ళు పోసే చెల్లాయమ్మ. బాలింతరాలికి నువ్వులనూనె రాసి, నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగేసి, ఆ పసిగుడ్డుని చాపిన కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని ఒళ్ళంతా మర్దనా చేసిందంటే, ఆ పిల్ల పూటంతా కిక్కురుమనకుండా నిద్రపోయేదంట. అలాంటి చెయ్యి ఆవిడది. కానుపైందంటే ముందు చెల్లాయమ్మకి కబురెట్టి, ఆ తర్వాతే తండ్రికి చెప్పేవోరంట. నవ్వకే మాణిక్యం, నీకు నీళ్ళు పోసింది కూడా ఆవిడే. మీ నాన్న పాలకేంద్రం కాణ్ణించి తాపీగా ఒచ్చాడు.

ఆ ఊళ్ళోనే ఇంకో మనిషున్నాడు, యాళ్ళ బుల్లబ్బాయిగారు. ఈయన ఏదో ప్రకృతి వైద్యం ఆశ్రమంలో ఆర్నెల్లు పనిచేసొచ్చి, బస్టాండు పక్కన గది తీసుకుని మాలిష్ చేసేవాడు. కబడ్డీ కుర్రాళ్ళు, లారీ డ్రైవర్లు, నడుం పట్టేసిన కోత కూలీలు, అందరూ ఆయన కాడికే. మంచి పనోడే, కాదన్ను. కాకపోతే ఆశ్రమం నుంచి ఒక కాగితం పట్టుకొచ్చాడు చూడండి, అద్దం కట్టించి గోడకి పెట్టాడు, ఆ కాగితం కాడే మనిషికి కొంచెం తలకెక్కింది. ఏడూళ్ళలో మాలిష్ చేసే మగాళ్ళని పదకొండు మందిని పోగేసి మర్దనా వృత్తిదారుల సంఘం అని పెట్టాడంట. దానికో ముద్ర, ఫొటో అంటించిన కార్డు, ఆకుపచ్చ కండువా. ప్రెసిడెంటు ఎవరనుకున్నారు, ఆయనే.

అప్పుడేమైందంటే, ఈ చెల్లాయమ్మకి కూడా ఆశ పుట్టింది. నలభయ్యేళ్ళ నించీ చేస్తున్నాను, నాకూ ఒక కార్డుంటే బాగుంటది కదా అనుకుంది. ఆశపడితే తప్పేంటి. గంజిపెట్టిన చీర కట్టుకుని, ఫొటో తీయించుకుని సంఘం మీటింగుకెళ్ళిందంట. ఏమ్మా, సర్టిఫికెట్టుందా అని అడిగాడంట బుల్లబ్బాయిగారు. లేదు బాబూ అంది. మరెక్కడ నేర్చుకున్నావు అంటే, మా అత్తకాడ అంది. పదకొండు మందీ నవ్వారంట. పిల్లలకి నీళ్ళు పోయడం మర్దన కిందకి రాదమ్మా, అది ఇంట్లో ఆడోళ్ళ పని, రూలు ఒప్పుకోదు అని పంపించేశాడంట. తిరిగొచ్చింది. ఆ రోజు అన్నం తినలేదని ఆవిడ తోడికోడలు చెప్పింది నాకు.

ఇదిలా ఉందా, ఇంతలో కరోనా ఒచ్చింది. ఆ రోజులు మీకు నేను చెప్పాలేంటి. ఎవరూ ఎవర్నీ ముట్టుకోకూడదన్నారు. అందరికీ కష్టమే అనుకో, మరి ముట్టుకోవడమే పనైనోళ్ళ సంగతేంటి? కల్లుగీసేవోడు చెట్టుని ముట్టుకుంటాడు, కుమ్మరి మట్టిని ముట్టుకుంటాడు, ఈళ్ళు మనుషుల్నే కదా ముట్టుకోవాలి. మాలిష్ గదికి తాళం పడింది. ఇక్కడ బుల్లబ్బాయిగారి మంచి చెప్పుకోవాలండీ. ఆళ్ళనీ ఈళ్ళనీ బతిమాలి సంఘంలో ఉన్నోళ్ళందరికీ బియ్యం మూటలు ఇప్పించాడు. సెంటర్లో పోలీసోళ్ళు కూడా సంఘం కార్డు చూపిస్తే ఏదో పనిమీదెళ్తున్నాడులే అని కర్ర దించేవోరంట. చెల్లాయమ్మకి కార్డూ లేదు, మూటా లేదు.

తర్వాత ఆషాఢంలో, జాగర్తగా చేసుకోండి అని కాస్త ఒదిలారు. అప్పుడు బుల్లబ్బాయిగారు గులాబీరంగు కాగితాల మీద రూల్సు అచ్చేయించి కరెంటు స్తంభాలకి అంటించాడు. మాస్కు పెట్టుకోవాలి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి, మనిషికో తువ్వాలు మార్చాలి, గది తలుపులు తీసుంచాలి. అన్నిటికన్నా ముందు, మనిషి మీద చెయ్యేసే లోపల నాలుగు ప్రశ్నలు అడగాలి. జ్వరం ఉందా? దగ్గు, జలుబు ఉన్నాయా? పద్నాలుగు రోజుల్లో ఊరు దాటెళ్ళారా? జనంలో కలిశారా? నాలుగింటికీ లేదంటేనే చెయ్యెయ్యాలి. ఒక్కదానికి అవునన్నా పద్నాలుగు రోజులు ఆగి రమ్మనాలి. తప్పినోడి కార్డు తీసేస్తాం అని కింద పెద్దక్షరాల్తో రాయించాడు. సంతకం యాళ్ళ బుల్లబ్బాయి, ప్రెసిడెంటు.

సరిగ్గా అప్పుడే లోవకుమారి అని ఒకమ్మాయి నీళ్ళాడింది. నెలలు నిండకుండానే పుట్టింది ఆడపిల్ల, పావుతక్కువ రెండు కేజీలు. మొగుడు లారీ మీద తిరిగేవోడు, రోగం ఇంటికి మోసుకొస్తానేమోనని యానాంలోనే ఉండిపోయాడు. అత్తగారికి చూపానదు. ఆస్పత్రిలో కొన్నాళ్ళుంచి పంపించేస్తూ డాక్టరమ్మ చెప్పిందంట, ఈ పిల్ల దగ్గరికి ఎవర్నీ రానియ్యొద్దు, బరువు పెరిగాక తేలిక చేత్తో నూనె రాయించుకోవచ్చు అని. లోవకుమారి చెల్లాయమ్మకి ఫోను చేసి ఏడ్చింది. చెల్లాయమ్మ ఆలోచించిందంట. నేను పదిళ్ళు తిరిగితే పదిళ్ళ గాలీ ఆ పిల్లకి తగులుద్ది, ఒక్కింట్లో ఉంటే తొమ్మిదిళ్ళు పోతాయి. పోతే పోయినయ్యి అనుకుని, మిగతా ఇళ్ళన్నీ మానేసి, రెండు చీరలు మూటగట్టుకుని లోవకుమారి పెరటి సావిట్లోకి ఎళ్ళి ఉండిపోయింది. పద్నాలుగు రోజులు పిల్లనసలు ముట్టుకోలేదంట, దూరంగా కూర్చుని ఎలా పట్టుకోవాలో తల్లికి చెప్పింది. ఆ తర్వాతే చెయ్యేసింది. చదువు రాదు కదా, ఆ గులాబీరంగు కాగితం లోవకుమారి చేత రోజూ చదివించుకుని, నాలుగు ప్రశ్నలూ కంఠతా పట్టేసింది. సంఘంలో లేదు చూడండి. అయినా పట్టింది.

శ్రావణమాసం ఒచ్చింది. ఒకనాడు పొద్దున్నే బుల్లబ్బాయిగారు నిద్రలేచేసరికి మెడ పట్టేసింది. ఎలా పట్టేసిందంటే, మొహం ఎడం భుజం వైపు తిరిగిపోయి అక్కడే ఉండిపోయింది. కాఫీ తాగుదామంటే గ్లాసు చెవికాడికెళ్తంది. అంతమందికి మెడలు సరిచేసినోడు తన మెడ తను చేసుకోలేడు కదండీ. ఆయన భార్య సత్యవేణి, మీ సంఘమోళ్ళని పిలవండి, పదకొండు మందున్నారు కదా అందంట. ఒద్దొద్దు అన్నాడంట ఈయన. ఎందుకొద్దు అంటే చెప్పడు. మనసులో ఏముందో తర్వాత చెప్తాను. అటూ ఇటూ ఆలోచించి, సంఘంలో లేనిది ఒక్క చెల్లాయమ్మే, ఆవిడకి రూల్సు లేవు, ప్రశ్నలు లేవు అనుకుని, ఒక కొత్త కార్డు మీద ముద్రేసి జేబులో పెట్టుకుని లోవకుమారి ఇంటికి బయల్దేరాడు. ఎదరకి నడుస్తున్నాడు, పక్కకి చూస్తున్నాడు. ఎడంపక్క ఇళ్ళోళ్ళందరూ మమ్మల్నే చూస్తన్నాడనుకుని దణ్ణాలు పెట్టారంట. కుడిపక్కోళ్ళు, ఈయనకి మామీద కోపమేంటి చెప్మా అనుకున్నారంట.

గేటు బయట నిలబడి, అత్తా, చెల్లాయమ్మత్తా అని పిలిచాడు. మునుపు ఏమ్మా అన్నాయన ఇప్పుడు అత్తా అన్నాడు, గమనించారా. చెల్లాయమ్మ మాస్కు పైకి లాక్కుని అరుగు మీదకొచ్చింది. చూడగానే ఆవిడకి జాలేసిందంట. మెడ నరం ఎక్కడ బిగిసిందో అరుగు మీంచే తెలిసిపోయింది, వేళ్ళు వాటంతటవే కదిలాయంట. ఈయన జేబులోంచి కార్డు తీసి గేటు స్తంభం మీద పెట్టాడు. ఫొటో అంటించుకో అత్తా, నువ్వూ మెంబరువే, ఈ మెడ కాస్త చూడు అన్నాడు. చెల్లాయమ్మ కార్డు కేసి చూసింది. ముద్ర తళతళా మెరుస్తంది. అది కావాలనే కదా గంజిచీర కట్టుకెళ్ళింది. దాన్ని ముట్టుకోకుండా, బాబూ, జ్వరం ఉందా అని అడిగింది. ఈయన గతుక్కుమన్నాడు. లేదన్నాడు. దగ్గు, జలుబు? లేవు. పద్నాలుగు రోజుల్లో ఊరు దాటెళ్ళారా? లేదన్నాడు. జనంలో కలిశారా? లేదు. అన్నీ పక్క గోడ కేసి చూసే చెప్పాడు, మెడ అటే ఉంది కదా మరి. ఆ గోడ మీద పిడకలున్నాయి. అబద్ధాలన్నీ పిడకలకి చెప్పినట్టయింది.

చెల్లాయమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుంది, చేతులు కడుక్కోడానికి చెంబు అందుకుంది. అందుకుని, మళ్ళీ కింద పెట్టేసింది. అప్పుడందంట,

"బాబూ, మీరు నిజం చెప్పారో అబద్ధం చెప్పారో నా చేతులకి తెలీదు. మీ మెడ మీద వేసిన ఈ చేతుల్తోనే కాసేపాగి లోపలున్న పసిదానికి నీళ్ళు పోయాలి. అందుకని ఇంకోసారి అడుగుతాను. చెప్పండి."

సరిగ్గా అప్పుడే లోపల ఆ పిల్ల ఏడ్చింది. ఏడుపంటే ఏడుపు కూడా కాదు, పిల్లికూన అరిచినట్టు సన్నగా, నీరసంగా. బుల్లబ్బాయిగారు మెల్లగా, మెడ తిరగదు కదా, మనిషి మొత్తం తిరిగాడు. కాళ్ళూ నడుమూ అన్నీ తిప్పుకుని, మొహం ఆవిడకి ఎదురుగా వచ్చేదాకా తిరిగి, నేలకేసి చూద్దామన్నా తల వంగక ఆవిడ కళ్ళల్లోకే చూస్తూ అన్నాడంట,

"ఎళ్ళానత్తా. ఊరూ దాటాను, జనంలోనూ కలిశాను."

ఏమైందంటే, ఆరోజుల్లోనే కాలవ అవతలూళ్ళో ఆయన మేనకోడలికి ఓణీల ఫంక్షను. ఎళ్ళకపోతే అక్క ఊరుకోదు, పైగా పనసకాయ బిర్యానీ. మందికి రూల్సు రాసిన ప్రెసిడెంటు కదా, ఎవరన్నా చూస్తే పరువు పోద్దని, రోడ్డు మీదెళ్ళకుండా కాలవగట్టమ్మట మోటారుసైకిలేసుకుని ఎళ్ళాడంట. ఎవరొస్తన్నారో ఎవరొస్తన్నారో అని గతుకుల్లో ఎనక్కి తిరిగి చూసుకుంటా ఎళ్ళాడు, తిరిగి చూసుకుంటా ఒచ్చాడు. అదీ మెడ పట్టేసిన కారణం. రాను పోను ఎనిమిది మైళ్ళు ఎనక్కి చూస్తే పట్టదేంటి. సంఘమోళ్ళు ఎందుకొద్దన్నాడో తెలిసింది కదా? ఆళ్ళైతే ప్రశ్నలడుగుతారు, సంగతి బయటపడుద్ది, కార్డు పోద్ది.

చెల్లాయమ్మ తిట్టలేదండీ. ఆ కార్డు పట్టుకెళ్ళండి బాబూ, మెడకిచ్చే కార్డు నాకొద్దు, పద్నాలుగు రోజులాగి రండి అందంట. అని ఊరికే పంపిందా, లేదు. ఆయన చేత సత్యవేణికి ఫోను చేయించి, గళ్ళుప్పు వేయించి మూటగట్టి కాపడం ఎలా పెట్టాలో చెప్పింది. ఇంట్లోంచి ఇత్తడి బిందె తెప్పించి అరుగు మీద పెట్టుకుని, ఆ బిందె మెడకి నూనె రాసి, బొటనవేలు ఎక్కడ మొదలెట్టాలి, ఎంత నొక్కాలి, ఎక్కడ నొక్కకూడదు, అంతా చూపించింది. బుల్లబ్బాయిగారు మళ్ళీ కాస్త కాస్తగా ఒంటిని తిప్పుకుంటా, ఆ బిందెనే చూస్తా నిలబడ్డాడంట. ఆశ్రమంలో కూడా ఇంత వివరంగా చెప్పలేదని తర్వాత ఆయనే అన్నాడు.

మూడోరోజుకి ఆయనకి జ్వరం తగిలింది. పరీక్ష చేస్తే అదే. ఆ ఫంక్షనుకెళ్ళినోళ్ళలో ఇరవై మందికొచ్చిందంట. దేవుడి దయవల్ల అందరూ తేరుకున్నారు, ఈయన కూడా మేడ మీద గదిలో ఒక్కడే ఉండి తేరుకున్నాడు. మెడ ఎప్పుడొదిలిందంటే, తొమ్మిదోరోజు కిటికీలోంచి కోతొచ్చి బత్తాయి పట్టుకుపోతంటే గబుక్కున తల తిప్పాడు, టక్కుమంది, ఒదిలేసింది. కోతిని తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలీలేదంట. లోవకుమారి ఇంట్లో మాత్రం ఒక్కళ్ళకి తుమ్ము కూడా రాలేదు. ఆ పిల్ల కార్తీకమాసానికి నాలుగు కేజీలు దాటింది. ఆ రోజు చెల్లాయమ్మ ఆగకుండా చెయ్యేసుంటే ఏమయ్యేదో నేను చెప్పను, మీరు అనుకోవద్దు కూడా.

కార్తీకంలో బడి ఆవరణలో కుర్చీలు దూరందూరంగా వేసి సంఘం మీటింగు పెట్టారు. అందరూ ఏవేవో మాటాడాక బుల్లబ్బాయిగారు లేచి, ఎవరూ అడక్కుండానే, జరిగిందంతా చెప్పేశాడంట. కాలవగట్టూ, బిర్యానీ, మెడ, పిడకల గోడ, అన్నీ. రూలు రాసింది నేను, తప్పింది నేను, నిలబెట్టింది సంఘంలోకి మనం రానివ్వని మనిషి అని చెప్పి, తన కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. చెల్లాయమ్మకి కబురెడితే ఒచ్చింది. నీకు కార్డిస్తాం రామ్మా అన్నారంట. అప్పుడావిడ, నాకొక్కదానికే ఎందుకు బాబూ, ఏడూళ్ళలో పిల్లలకి నీళ్ళు పోసేవోళ్ళం పద్నాలుగు మందిమున్నాం, ఇస్తే అందరికీ ఇయ్యండి, ఆ నాలుగు ప్రశ్నలూ అందరికీ నేను నేర్పుతాను అంది. మళ్ళా అటు తిరిగి, ఆ బాబు కార్డు కూడా ఆయనకి ఇచ్చెయ్యండి, రెండోసారి అడిగితే నిజం చెప్పాడు కదా అందంట. సరేనని చేతులెత్తారు. సర్టిఫికెట్టు రూలు కొట్టేశారు. నేర్చుకున్నది ఎక్కడ అన్న చోట, అత్తకాడ, అమ్మకాడ అని పద్నాలుగు మందీ రాయించుకున్నారు.

రాసుకుంటన్నారా బాబూ మీరు? అయితే ఇది కూడా రాసుకోండి. ఇప్పుడు సంఘంలో ఆడోళ్ళు పద్నాలుగు, మగాళ్ళు ప్రెసిడెంటుగారితో కలిపి పన్నెండు. మొన్న ఎలక్షను పెట్టుకుంటే ఆడోళ్ళు తల్చుకున్న మనిషే గెలుస్తారు కదా. చెల్లాయమ్మ అవుద్దనుకున్నారు అందరూ. ఆవిడ, నాకు తీరికెక్కడిది, ముగ్గురు బాలింతలున్నారు అందంట. మళ్ళీ బుల్లబ్బాయిగారినే గెలిపించారు. అదేంటే, ఆయనే కదా మిమ్మల్ని రానివ్వంది అంటే, నిజం ఒప్పుకున్న మగాడు నలభయ్యేళ్ళకి ఒక్కడు దొరికాడు, ఒదులుకుంటామేంటి అన్నారంట. నాకైతే ఆళ్ళ మాటే సబబనిపించింది. మా ఇంట్లో ఇంకా దొరకలేదు.