నమూనా ఇంట్లో కాపురం

కుట్టుమిషనమ్మకి ముప్పై ఆరేళ్ళు. ఎవరింటికెళ్ళినా చెప్పులు గుమ్మం బయటి వైపుకి తిప్పి విడుస్తుంది, పొమ్మంటే తొడుక్కుని పోవడానికి వీలుగా. అలాంటి మనిషి మీ కాగితంలో ఆక్రమణదారు అయిపోయిందా మేడమ్? ఆక్రమణ! కోటల్నీ రాజ్యాల్నీ కదా ఆక్రమిస్తారు? ఒక గదీ వంటిల్లూ కూడానా?

కూర్చోండి, కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతుంది. ఇదిగో, ఇందులో. మా సంస్థ సెక్రటరీగారు వచ్చేదాకా ఈ ఆఫీసు గదిలో మీకూ నాకూ వేరే పనేముంది?

ఆవిణ్ణి ఆ ఇంట్లో పెట్టింది నేనే. ఈ బిల్డింగు కేర్‌టేకర్ని, ఇంకెవరు పెడతారు? దాచుకునేదేం లేదు.

మీ డిపార్ట్‌మెంటుకీ మా సంస్థకీ ఒప్పందం ఉంది కదా. మీరు డబ్బివ్వాలి, మేం పేదవాళ్ళకి తక్కువ అద్దెకి ఇళ్ళివ్వాలి. బాగానే ఉంది. అందులో ఓ మహానుభావుడు ఒక షరతు రాశాడు. బిల్డింగుకో ఇల్లు నమూనా ఇల్లుగా అట్టేపెట్టాలి, తనిఖీకొచ్చినవాళ్ళకి అది చూపించాలి అని. ఏం బుర్ర మేడమ్! తనిఖీ బాగుంటేనే డబ్బు. తనిఖీ చేసేదేమో ఎవరూ ఉండని ఇంటిని!

పైన పటారం, లోన లొటారం అంటారు. మా దగ్గర కింద పటారం, పైన లొటారం. కింద నమూనా ఇంటికి ఏటా రంగులు. పైన మూడో అంతస్తులో వానొస్తే ఇంట్లో గొడుగులు.

నవ్వకండి. లేదు, నవ్వండి, పర్లేదు.

మనుషుల్లేని ఇల్లు తొందరగా పాడవుతుంది, తెలుసా మీకు? కుళాయి తిప్పకపోతే తుప్పు దగ్గుతుంది. బాత్రూములో నీళ్ళు పొయ్యకపోతే కంపు పైకి తంతుంది. అందుకని రోజూ పొద్దున్నే నేనెళ్ళి కుళాయిలు తిప్పి, కిటికీలు తెరిచి, సోఫా దులిపి, పొయ్యి ఓసారి వెలిగించి ఆర్పి వచ్చేదాన్ని. మా ఆయనకి కూడా అంత శ్రద్ధగా కాపురం చెయ్యలేదు. ఆ ఇల్లే నయం, చేసినదానికి వంకలు పెట్టదు.

ఆ పైన మూడో అంతస్తులో కుట్టుమిషనమ్మా, దాని కూతురూ. మొన్నటి వానలకి పైకప్పు పెచ్చు ఊడి పిల్ల తలగడ మీద పడింది. పిల్ల అప్పుడే మొహం కడుక్కోడానికి లేచింది కాబట్టి సరిపోయింది. నేను వెళ్ళి చూశాను. తలగడ కనపడలేదు మేడమ్, పెచ్చే కనపడింది.

సెక్రటరీగారు ఏమన్నారో తెలుసా? "రిపేరు డబ్బులు తనిఖీ అయ్యాకే వస్తాయమ్మా. అందాకా మంచం పక్కకి జరుపుకో." ఎక్కడికి జరపాలి, గోడ అవతలికా? అది గట్టిగా అడిగేసరికి, "నీతో నాకెందుకు, మీ ఆయన్ని పంపించు, మేం మేం మాట్లాడుకుంటాం" అన్నాడు.

అప్పుడు చూడాలి దాన్ని! "ఆ మనిషి దెబ్బలు తప్పించుకోడానికే కదండీ ఈ కప్పు కిందికి వచ్చాను. ఇప్పుడీ కప్పు దెబ్బ తప్పించుకోడానికి ఆ మనిషిని పిలవమంటారా?" అంది. ఆయన సెల్లు మోగకుండానే హలో అనుకుంటూ బయటికి పోయాడు.

నేను కింద నమూనా ఇంటి తలుపు తెరిచాను. "వద్దత్తా, నీ ఉద్యోగం పోతుంది" అంటుంది. నోర్మూసుకుని మిషను అటు చివర పట్టుకోవే అన్నాను.

ఆ ఇంటికి ఊపిరొచ్చింది మేడమ్. సోఫా మీద కత్తిరింపులు, కిటికీకి తడి గౌన్లు, పొయ్యి మీద పాలు పొంగి మరకలు. నేను తిప్పే పని లేకుండా కుళాయి హాయిగా పాడుకుంటోంది.

అప్పుడు కదా మీరు పోయిన వారం చెప్పకుండా ఊడిపడ్డారు! సెక్రటరీగారి చొక్కా వీపుకి అంటుకుపోయింది. మరి మీరేం చేశారు? చప్పట్లు కొట్టినంత పని చేశారు! "అబ్బ, ఈసారి ఎంత సహజంగా అమర్చారండీ! ఈ తల్లీకూతుళ్ళని ఎక్కణ్ణుంచి తెచ్చారు?" అన్నారు.

అన్నారా లేదా? అదిగో.

"ఈ కుర్చీలో ఓ మగమనిషి పేపరు చదువుతూ ఉంటే ఇంకా నిండుగా ఉండేది" అని కూడా అన్నారు. ఆ సెక్రటరీగారు నిజంగానే వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు! పేపరు దొరక్క, కుట్టడానికిచ్చిన ఎవరిదో జాకెట్టు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మీరు ఫొటో తీశారు.

అంతా బాగానే పోయేది. మీరే పిల్ల బుగ్గ గిల్లి, "ఎంతసేపు ఉండమన్నారమ్మా నిన్ను?" అన్నారు.

"మా పైకప్పు బాగయ్యేదాకా" అంది అది.

అంతే! మీ మొహంలో నవ్వు ఎటు పోయిందో. నటిస్తే నమూనా, బతికితే నేరమా మేడమ్? అద్దెకి తెచ్చిన తల్లయితే మెచ్చుకోలు, అద్దె కట్టే తల్లయితే నోటీసా?

ఏంటీ? షరతు తప్పితే బిల్డింగు మొత్తానికి డబ్బు ఆగిపోతుందా? ఆగడానికి అది మూడో అంతస్తుకి ఎప్పుడెక్కింది? ఈ సెక్రటరీగారు కిందే రంగుల డబ్బాల్లో కలిపేస్తుంటే!

పైకి పోయి ఉండమంటున్నారు కదా, ముందు మీరోసారి మెట్లెక్కి ఆ కప్పు కింద నిలబడి రండి. చీర తడవకుండా గొడుగిస్తాను. మోకాళ్ళ నొప్పులా? నాకు మాత్రం లేవా? ఓహో, పైకెక్కడం ఒప్పందంలో లేదా? అలా చెప్పండి మరి.

అయినా మీ మీద కోపమెందుకులెండి. మీకూ పైన ఎవరో ఒకరుంటారు. వాళ్ళకి ఫొటో కావాలి, సంతకం కావాలి. మీరు చూసేది కింది ఇల్లు, వాళ్ళు చూసేది మీ ఫొటో.

సెక్రటరీగారు ఇంకా రాలేదు. ఇవాళ రారు కూడా, నాకు తెలుసు.

నన్ను తలుపు తియ్యమంటారా? సామాను నా చేతే బయట పెట్టిస్తారా?

నా దగ్గర తాళంచెవి లేదు మేడమ్. నిన్న పొద్దున్న అదెవర్నో పిలిపించి తలుపుకి కొత్త తాళం వేయించుకుంది. నాకూ ఒకటివ్వవే అంటే ఇవ్వలేదు. "నువ్వు మంచిదానివే అత్తా, కానీ ఆఫీసు కారు హారను వినపడగానే తీసికెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టేస్తావు" అంది.

నిజమే. పెట్టేసేదాన్ని.