డ్రైవర్ గారి మాస్కు

నిద్ర జబ్బుల క్లినిక్‌లో, రాత్రిళ్ళు ఊపిరి ఆగకుండా గాలి ఊదే మెషిన్ల మాస్కులు బిగించి చూసే గది. బల్లకి ఇటు బస్సు డ్రైవరూ ఆయన భార్యా, అటు మాస్కులు చూసే అమ్మాయీ కూర్చున్నారు.

"నేను మళ్ళీ బస్సెక్కొచ్చని సంతకం ఇవాళే వద్దులే తల్లీ. ఇంకో నెల చూద్దాం."

"ఇంకో నెలా! ఏం మాటలండీ అవి? బస్సు దింపేసి పార్సిల్ కౌంటర్లో కూర్చోబెట్టారని రెండు నెలలుగా నా ప్రాణం తోడేస్తున్నారు. ఇంట్లో కుర్చీలో కూర్చుని గేర్లు మారుస్తున్నారమ్మాయ్ ఈయన! నువ్వు పెట్టెయ్ సంతకం."

"పెడతానమ్మా, కంగారు పడకండి. మెషిన్‌లో రాత్రి రాత్రికీ లెక్క పడే కార్డు చూశాను. మొదటి మూడు రాత్రులూ పావుగంట, పది నిమిషాలు, ఏడు నిమిషాలు. నాలుగో రాత్రి నుంచి నిన్నటి దాకా ఒక్కరోజు తప్పకుండా ఏడేసి గంటలు! డ్రైవర్ గారూ, ఇంత బుద్ధిగా వాడినవాళ్ళని నేను చూడలేదు."

"ఆ... ఏదో."

"ఏదో ఏమిటండీ, గట్టిగా చెప్పండి! బ్రహ్మాండంగా వాడారమ్మాయ్. పక్క మీదకి చేరడం ఆలస్యం, తగిలించేసుకోవడమే."

"నిద్రలో ఊపిరి ఆగాగి వస్తోందనీ, అందుకే స్టీరింగ్ మీద కునుకు పడుతోందనీ కదా మిమ్మల్ని బస్సు దింపారు. ఇప్పుడు పగలు నిద్ర ముంచుకొస్తోందా సార్?"

"వస్తోంది."

"రావట్లేదు!"

"అమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి."

"ఆయనకేం తెలుసమ్మాయ్, నిద్రపోయే మనిషికి!"

"సరే, సరే. మాస్కు ఎలా కడుగుతున్నారు సార్?"

"కడగడమా? నీళ్ళతో."

"ఎన్నాళ్ళకోసారి?"

"అదే... మురికి పట్టినప్పుడు..."

"రోజూ అమ్మాయ్, రోజూ! లేవగానే ముఖానికి ఆనే ఆ మెత్తటి రబ్బరు ఊడదీసి, గోరువెచ్చటి నీళ్ళలో ఘాటులేని సబ్బుతో కడిగి, నీడన ఆరబెడతాను. గొట్టం వారానికోసారి. గాలికి తేమనిచ్చే డబ్బాలో నిన్నటి నీళ్ళు పారబోసి కొత్తవి పోస్తాను... పోస్తారు. ఆయనే. అన్నీ ఆయనే."

"చాలా చక్కగా చేస్తున్నారు. మరి ఈ రబ్బరుకి క్రీము అంటుకుందేంటి సార్? ముఖానికి క్రీము రాసుకుని పెట్టుకుంటే జారిపోయి గాలి పక్కనుంచి పోతుందని చెప్పానుగా."

"క్రీమా? నేనా?"

"రాసుకుంటున్నారమ్మాయ్. ఈ మధ్య సోకులు ఎక్కువయ్యాయి."

"నలుగుర్లో నా పరువు తీస్తున్నావు కదే!"

"వెనక పట్టీలో మూరెడు పొడుగు వెంట్రుక కూడా ఇరుక్కుంది. సార్‌కి చూస్తే నడినెత్తి ఖాళీ."

"నేను కడిగేటప్పుడు పడుంటుంది."

"ఆయనే కడుగుతారన్నారు?"

"సాయం చేస్తానమ్మాయ్! మొగుడికి ఆ మాత్రం సాయం చెయ్యకూడదా?"

"చెయ్యాలి, చెయ్యాలి. సార్, ఒక్కసారి పెట్టుకోండి. గాలి ఎక్కడన్నా పోతోందేమో చూస్తాను."

"ఇప్పుడా? సరే, ఇలా తే... అబ్బా! తల పగిలిపోతోంది తల్లీ, తియ్యి, తియ్యి!"

"పోయిన నెల నేనే మీ తలకి సరిచూసి బిగించిన పట్టీలివి. నాలుగు వేళ్ళ మేర లోపలికి లాగేసి ఉన్నాయి. నెల్లో మనిషి చిక్కితే చిక్కుతాడు గానీ తలకాయ చిక్కదు కదండీ. అమ్మా, మీరోసారి పెట్టుకోండి."

"నేనెందుకు? నాకేం రోగం?"

"ఊరికే, చూద్దాం. ఇటు తిరగండి... ఆహా, మీకు కొలిచి చేసినట్టు సరిపోయింది! ఏంటీ? తీసి చెప్పండి, లోపల్నుంచి ఏమీ వినపడట్లేదు."

"నేనేనమ్మాయ్! నేనే పెట్టుకున్నా. ఏం చెయ్యను మరి? ఈయన మూడు రోజులూ తీసి అవతల పారేశారు. ముక్కు మీద ఎవరో కూర్చున్నట్టుందని ఒకటే గోల. రాత్రికి నాలుగు గంటలన్నా కార్డులో పడకపోతే బస్సు ఇవ్వరన్నారా? బస్సెక్కకపోతే ఈయన మనిషిలా ఉండరు, చూడలేకపోయా. ఈయన నిద్రపోయాక నేను తగిలించుకుని, నాలుగు గంటలు మేలుకుని కూర్చుందామనుకున్నా. కళ్ళు తెరిచేసరికి తెల్లారిపోయింది."

"మర్నాడు?"

"మర్నాడూ అంతే. సిగ్గు విడిచి చెబుతున్నా, తర్వాత్తర్వాత ఎప్పుడు చీకటి పడుతుందా అని చూసేదాన్ని. ఈయన లేవకముందే తీసి కడిగేసేదాన్ని."

"నేను సంతకం పెట్టేసి ఉంటే ఏమయ్యేదమ్మా? బస్సులో నలభై మంది ఉంటారు."

"బుద్ధి తక్కువ పనే. ఒప్పుకుంటున్నా. అంత దూరం ఆలోచించలేదు."

"ఇంకో సంగతి. ఏ బాధా లేనివాళ్ళు పెట్టుకుంటే ఈ మెషిన్ చిన్నగా ఊదుకుంటూ ఉంటుంది. మీకు మాత్రం రాత్రంతా కష్టపడింది. ఊపిరికి అడ్డం పడ్డ ప్రతిసారీ గాలి పెంచుకుంటూ పోయింది. మీకూ ఇదే జబ్బేమో. ఇవాళే డాక్టరు గారికి చూపిద్దాం."

"నాకా! గురకపెట్టేది ఈయనైతేనూ?"

"పొద్దున లేవగానే తలనొప్పి ఉండేదా?"

"ఉండేది. ఇంటి చాకిరీ వల్ల అనుకున్నా. నిజమేనమ్మాయ్, ఈ నెల్లో ఒక్కరోజూ రాలేదు."

"అయితే పదండి. డ్రైవర్ గారికి వేరే రకం ఇస్తాను, ముక్కు కింద ఆనేది, తేలిగ్గా ఉంటుంది. ముప్పై రాత్రులూ మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఈసారి మీ తలకే సార్."

"ఇంకో నెల ఆ పార్సిళ్ళేనా ఈయనకి? అంతా నా మూలానే. మీకేదో మేలు చేద్దామనుకుని మీ బస్సు నేనే దూరం చేశానండీ. తిట్టండి, పడతాను. ఏమండీ? నవ్వుతారేంటి?"

"నాకు తెలుసే. వారం తిరక్కముందే చూశాను. నేను పెట్టుకోకపోతే నా బస్సు పోతుంది, మాస్కు లాగేద్దామని చెయ్యి కూడా చాచాను. ఇరవై రెండేళ్ళుగా ఉక్కిరిబిక్కిరవుతూ లేచి కూర్చునే మనిషివి, నోట్లో వేలు పెట్టుకున్న పసిపిల్లలా పడుకున్నావు. ఇంకెలా తియ్యమంటావే?"