గోలీని తెచ్చింది ఎవరు?

పెట్రోలు బంకు కాఫీ దుకాణంలో పొద్దున్నే తైస్తో గొంతు వినపడకపోతే రూకోసాల్మిలో తెల్లారనట్టే. ఊరి ఐస్ హాకీ క్లబ్బులో ముప్పై ఏళ్లుగా స్కేట్లకు పదును పెట్టే మనిషి. ఆ రోజూ బల్ల చుట్టూ నలుగురు చేరారు. బస్సు డ్రైవరు ఎయ్‌నారి మాత్రం కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్నాడు. అతని కొడుకు యాల్మరిని క్లబ్బు ఆరు ఆటల నుంచి మంచు మీదికి దిగనివ్వడం లేదు. ఒప్పందం ఇంకో ఏడాది ఉండగా, అవతలి ఊరు తెర్వలాహ్తి క్లబ్బుతో మాట్లాడాడని.

"ఆ తెర్వలాహ్తి మేనేజరు లేడూ," తైస్తో మొదలెట్టాడు, "మన ఆట హాలు వెనక యాల్మరితో గుసగుసలాడుతుంటే పట్టుకున్నది ఎవరనుకున్నారు? నేనే! 'ఒప్పందంలో ఉన్నవాడితో నీకేం పనయ్యా, సిగ్గులేదూ?' అన్నా. కారెక్కి పరారు."

"అంతేనా?" అంది కాఫీ పోస్తున్న ఇర్యా.

"అంతే ఎందుకవుతుంది ఇర్యక్కా! కారు ఎనభైలో పోతోంది, నేను పక్కనే పరిగెడుతూ అద్దం తట్టి మరీ అక్షింతలు వేశా. ఊరి పొలిమేర దాటేదాకా వదల్లేదు. దొంగ వెధవలు! పక్కవాడి ఆటగాడి మీద కన్నేస్తారా?"

"మరి గోలు కాసే మన గోలీ రాస్ముస్ వాళ్ల దగ్గరివాడే కదా? వాడికి ఒప్పందం లేదా?" అంది ఇర్యా.

"రెండేళ్లుంది. అది వేరు. వాణ్ణి వాళ్లు సరిగ్గా చూసుకోవట్లేదు, నాకు జాలేసింది. ఎలా తెచ్చానో తెలుసా? డిసెంబరు మొదటి వారం, ఒక్కణ్ణే స్కేట్లు కట్టుకుని గడ్డకట్టిన సరస్సు మీద బయల్దేరా. నలభై కిలోమీటర్లు, అరగంట. వాడు చేపల పులుసు తాగుతున్నాడు. 'మా ఊరొస్తావా?' అన్నా. చెంచా కింద పెట్టేశాడు! వాణ్ణీ, పెళ్లాన్నీ, మంచాన్నీ, బట్టలుతికే మిషన్నీ ఒకే మంచుబండి మీద ఎక్కించి తాడు నడుముకు కట్టుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మంచు విరిగిందా?"

"విరిగితే నేనాగుతానా! నా వెనక పగుళ్లు, పగుళ్ల వెనక పదిహేడు తోడేళ్లు, తోడేళ్ల వెనక తెర్వలాహ్తి పెద్దలు ఒప్పందం కాగితం ఊపుకుంటూ! ఒక తోడేలు మీదికి దూకితే రాస్ముస్ గాల్లోనే పట్టేశాడు. మిగతావాటి వంక నేనొక్క చూపు చూశా. తోకలు ముడిచి, బండి లాగడానికి అవే ముందుకొచ్చాయి!"

బల్ల చుట్టూ అందరూ గొల్లున నవ్వారు. ఎయ్‌నారి కప్పు కింద పెట్టాడు.

"తైస్తో, ఆ వారం సరస్సు గడ్డే కట్టలేదు. పడవలు తిరుగుతున్నాయి."

"అంటే... అంచుల్లో..."

"రాస్ముస్ నా బస్సులో వచ్చాడు, రెండు సంచులతో. క్లబ్బు కారైతే గుర్తుపడతారని నువ్వూ, మన మేనేజరూ నా బస్సులోనే వెళ్లి తెచ్చుకున్నారు. 'ఒప్పందం కాగితమేరా, మనిషి మనసు ముఖ్యం' అని దారంతా నువ్వు వాడికి చెప్పడం నేను విన్నా. మావాడు ఐదు నిమిషాలు మాట్లాడాడు. పెళ్లాం ఆ ఊళ్లో నర్సు, నెలలు నిండాయి, దగ్గరుందామని. వాడికి మనసు లేదా?"

తైస్తో టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

శనివారం ఆట జాబితాలో యాల్మరి పేరుంది. కాన్పయ్యేదాకా తెర్వలాహ్తి నుంచే వచ్చి ఆడుకోమన్నారు కూడా. సంగతేంటో ఎయ్‌నారికి మేనేజరే చెప్పాడు, బస్సెక్కుతూ, మొహం మాడ్చుకుని.

"మీ తైస్తో నా గదిలోకొచ్చాడు. యాల్మరిని ఆడించకపోతే రాస్ముస్ సంగతి పోటీలు నడిపే లీగు వాళ్లకి తనే చెప్తాడట. 'నీ ఉద్యోగం పోతుంది' అని బెదిరించినా వినలేదు."

సోమవారం దుకాణంలో తైస్తో, తను చేత్తో పట్టిన చేప పడవకన్నా ఎంత పొడుగో చూపిస్తున్నాడు. మధ్యలో ఎవరో అడిగారు, "యాల్మరిని మళ్లీ ఎలా తీసుకున్నార్రా?"

"ఏమో, నాకేం తెలుసు," అని తైస్తో చేప దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎయ్‌నారి తన కాఫీ పట్టుకుని వచ్చి ఆ బల్ల దగ్గర, అతని పక్కనే కూర్చున్నాడు. "ఊఁ," అన్నాడు గర్వంగా అందరివంకా చూస్తూ, "ఎంత పొడుగన్నావు?"