పడమటి వరస పిల్లల బరువు

1961. రెడ్డిగూడెం పక్కన మామిడితోటల్లో పనిచేసే కూలీల పేట. పిల్లల్ని తూచి బరువులు రాసుకునే గుమస్తా నారాయణరావు, త్రాసు తీసుకుపోవడానికి వచ్చాడు. ఎదురుగా సీతారావమ్మ. ఆమె వెనక చంకన పిల్లతో తోటికోడలు ఇన్నమ్మ.

"పాలపొడి ఆపేస్తారు కదండీ? నాకు తెలుసు, ఆపేస్తారు."

"నేనింకా ఏమీ చెప్పలేదమ్మా."

"చెప్పకముందే తెలుస్తుందండీ. నిన్న తూచేటప్పుడు ఒకటే తల గోక్కున్నారు. మా రాధ తగ్గిందా?"

"తగ్గలేదు సీతారావమ్మా, బాగా పెరిగింది. పాలు పోసిన మీ తూర్పు వరస పిల్లలంతా పెరిగారు."

"మరింకేం?"

"పాలు పొయ్యని పడమటి వరస పిల్లలూ అంతే పెరిగారు. అదే వచ్చిన చిక్కు."

"పెరిగితే చిక్కేంటండీ? మా ఇన్నమ్మ వాళ్ళది పడమటి వరసేగా. దాని పద్మ కూడా ఒళ్ళు చేసిందని సంబరపడుతుంటేను."

"పొడి పనిచేస్తుందో లేదో తెలుసుకోడానికేగా చీటీ తీసి ఒక వరసకి పోసి, ఒక వరసకి పొయ్యంది. రెండూ సమానంగా పెరిగితే, పాలవల్ల ఏం ఒరిగిందంటారు పైవాళ్ళు. వానలు పడ్డాయి, పనులు దొరికాయి, అందరూ తిన్నారు, పెరిగారు అంటారు."

"వేరేగా చూడండయ్యా. దీనికి పరీక్షలు చాలా ఉంటాయని పోయినసారి మీరే అన్నారు. పరీక్షంటేనే నాకు దడ. మూడో తరగతిలో తప్పి బడి మానేసినదాన్ని."

"ఈ పరీక్ష పిల్లలకి కాదమ్మా, అంకెలకి. నిన్నటి బరువులు మాత్రమే పక్కపక్కన పెట్టి చూడొచ్చు. కానీ మీ వరస పిల్లలు మొదట్నుంచీ సన్నం. అందుకని ఒక్కో పిల్ల ఎంత పెరిగిందో తీసి, ఈ వరస పెరుగుదలని ఆ వరస పెరుగుదలతో పోల్చే పరీక్ష ఎంచుకున్నాను. న్యాయమైంది అదే."

"అది కాక ఇంకోటి?"

"మొదటి బరువుని కూడా లెక్కలోకి తీసుకునేది ఉంది. బసకి పోయి అదీ చేశాను. తేడా ఉంటే చూపిస్తాయి గానీ, లేని తేడాని ఏ పరీక్షా పుట్టించలేదు."

"అయితే ఆగిపోయినట్టే. పోయినేడు మా రాధని ఎత్తుకుంటే చంకలో పిల్ల ఉందో లేదో తెలిసేది కాదండీ. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. మళ్ళీ ఆ రోజులే వస్తాయి."

"ఒకటడుగుతాను. రాధ పాలు ఎక్కడ తాగుతుంది?"

"ఎక్కడ తాగుద్దండీ, వాకిట్లో."

"ఒక్కతేనా?"

"ఒక్కతే. అంటే, పిల్లలుంటారుగా చుట్టూ."

"ఏ పిల్లలు?"

"పిల్లలండీ. ఒకచోట కుదురుగా ఉంటారా ఏంటి."

"పద్మ?"

"అదీ వస్తుందండీ, ఆడుకోడానికి."

"పద్మకి పోశావా?"

"గ్లాసు వంకే నోరు తెరుచుకుని చూస్తుంటే, గుక్కైనా పొయ్యకపోతే మా పిల్లకి దిష్టి తగలదా? తాగింది కడుపులో నిలుస్తుందా?"

"గుక్కేనా?"

"గుక్కతో ఊరుకుంటుందా పిల్ల. సగం. నేనొక్కదాన్నే కాదండీ, మా వరసలో ఎవరన్నా అంతే. చూసిన పిల్లకి పోశాకే మా పిల్లకి."

"అయిపోయింది. ఇంక దీనికి ఏ పరీక్షా లేదు."

"అదే రాసి పంపండయ్యా. పంచుకు తాగారు, అందుకే ఇద్దరూ పెరిగారని."

"రాస్తే, ఈ పేట బరువులు పనికిరావని పక్కన పడేస్తారు. పొడి బస్తాలు చింతలపూడి వైపు తోలేస్తారు."

"ఎటు తిప్పినా మా మీదికేనా?"

"ఒక్క దారుంది. మళ్ళీ మొదట్నుంచి, మామిడి కాపు అయ్యేదాకా చూస్తానని ఆఫీసరుగారిని బతిమాలుకుంటాను. తేడా కనబడితే రెండు వరసలకీ పోస్తారు. కానీ ఈసారి పడమటి వరస పిల్లలకి చుక్క పొయ్యకూడదు."

"ఎదురుగా చూస్తుంటేనా?"

"తలుపేసుకుని తాగించు."

"తడిక తలుపండీ మాది. సందుల్లోంచి చూస్తుంది. పోస్తే పొడి పోతుంది. పొయ్యకపోతే దిష్టి. ఏం చెయ్యనయ్యా?"

"నాకూ తెలియడం లేదమ్మా."

"ఇన్నమ్మా, నువ్వన్నా మాట్లాడవే. నా మీద కోపమొచ్చిందా? తిట్టు, పోనీ."

"హనుమాన్ జంక్షన్ బస్సు వచ్చేస్తుంది. ఆఫీసరుగారికి ఏం చెప్పమంటారు?"

"ఆయన అడుగుతున్నారే, ఇన్నమ్మా."

"మొదలుపెట్టమని చెప్పండయ్యా. పాలవేళకి మా పద్మని తోటలోకి ఎత్తుకుపోతాను. అది చూడదు."