ఏటి గట్టు

చోడవరంలో తన కుట్టుకొట్టులో కూర్చుని, దారాల డబ్బాకి ఫోను ఆనించి, అక్క జాకెట్టు కుడుతోంది. ఫోనులో చెల్లెలు. బేటరీల కంపెనీలో ఉద్యోగమని చైనా వెళ్ళి నాలుగు నెలలైంది. ఇవాళెందుకో ఆ గొంతు అక్కకి పరాయిగా వినిపించింది.

“ఏమిటి విశేషాలు అక్కా?”

“ఏమిటా? వార్తలు సదువుతన్నావేటే?”

“అలవాటైపోనాదక్కా. ఇక్కడ నా తెలుగుని చైనా మాటలోకి మార్చేది ఫోనే. పుస్తకంలో ఉన్నట్టు మాటాడితేనే దానికి తెలుస్తాది.”

“మన మాట తెల్దా?”

“వచ్చిన కొత్తలో ఓ కూరలామెని ‘ఇదేమిటి’ అనకుండా మన మాటలో ‘ఇది ఏటి’ అనడిగేను. ఏటి నీళ్ళు, ఏటి గట్టు అంటాం కదా, ఆ ఏరనుకుంది ఫోను. ఆవిడ పాపం కొట్టొదిలేసి, సందు సివరిదాకా వచ్చి నదికి దారి సూపించింది.”

అక్క పగలబడి నవ్వింది.

“మరేటి సేసేవు?”

“ఎల్లేను. కాదని ఎలా సెప్పాలో తెల్లేదు. ఇప్పుడు డూటీ అవగానే రోజూ అక్కడికే ఎల్తన్నాను.”

“ఎవరితోటి?”

“ఎవరున్నారు?”

“ఆఫీసులోవాళ్ళు?”

“మంచోళ్ళే. నవ్వుతారు, ఫోనులో రెండు ముక్కలు మాటాడతారు, ఎల్లిపోతారు.”

అక్క మిషను ఆపేసింది.

“ఒక్కదానివీ అక్కడ ఏటి సేస్తావే?”

“ఫోను తీసి ‘ఏటి’ అంటాను. అది వాళ్ళ మాటలో నది అంటాది. ఎదురుగా నది ఉంటాది కదా. ఈ ఊరు మొత్తమ్మీద నా మాట తప్పు అవనిది అక్కడొక్కచోటే అక్కా.”