ఆఖోనా భత్యం

షుగరు జబ్బుతో ఎప్పుడూ ఒకరి సాయం కావాల్సిన పిల్లల కోసం సర్కారిచ్చే భత్యం అడగడానికి, ఒక ముసలమ్మ తన మనవరాలు ఆఖోనాను వెంటబెట్టుకుని దక్షిణాఫ్రికాలోని ఉమ్తాటా పట్నం ఆఫీసుకు వచ్చింది. అక్కడి అధికారి వెటకారపు నవ్వు చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది.

"పిల్ల చలాకీగానే ఉందిగా అమ్మమ్మా! దీనికి ఇంకొకరి సాయమెందుకు?"

"పని మానుకుని, వేళకు సూదులు వేస్తూ నేను కాపలా కాస్తుంటేనే నాయనా ఆ చలాకీ!"

"ఏమో, నమ్మేలా లేదు."

"పోనీ, ఇప్పుడది ఎక్కడుందో చెప్పు."

"ఇక్కడే... అరె! బల్ల కింద దూరిందే!"

"అక్కడేం పెట్టావు?"

"మా ఆవిడ కట్టిచ్చిన జామ్ బూరెలు."

"ఉన్నాయా?"

"ఒక్కటీ లేదు!"

"అయితే సూది వెయ్యాల్సిందే. కాళ్ళు గట్టిగా పట్టుకో, తంతుంది."

"అబ్బా, నా ముక్కు! నా కళ్ళజోడు!"

"ఇప్పుడు చెప్పు నాయనా, సాయం కావాలా?"

"రాసేస్తానమ్మమ్మా! ముందు నా మెడ వదలమను!"